కరెంటు వచ్చేలోగా చదివిన నవల

మా పక్కవాటా టీచరుగారు పోయారన్న కబురు నాకు రాజోలులో తెలిసింది. చెల్లెలి పురిటికని వెళ్ళి అప్పటికి పది రోజులైంది. ఇంటి ఓనరుగారు ఫోను చేసి, "పాలబ్బాయి ఎంత పిలిచినా పలకలేదమ్మా. తలుపు తీసి చూస్తే పడక్కుర్చీలోనే ఉన్నారు, ఒళ్ళో కాయితాలున్నాయి. నిద్రలోనే పోయేరు" అన్నారు. నేను మర్నాడు బస్సెక్కి అమలాపురం చేరేసరికి అంతా అయిపోయింది. వాకిలి కడిగేశారు. ఆవిడ చెప్పులు మాత్రం గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి.

నేను రాసే మనిషిని కాదు. పదో తరగతి చదివి కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. అయినా రాస్తున్నానంటే కోపం వచ్చి రాస్తున్నాను. పేపర్లో "విశ్రాంత సైన్సు టీచరు మృతి" అని రెండు ముక్కలు వేశారు. ఆవిడ నవలలు రాశారన్న సంగతే లేదు. నాలుగు నవలలు అచ్చయ్యాయండీ. ఐదోది ఉంది. దాని సంగతి చెప్పడానికే ఇదంతా.

మా ఆయన కువైట్ వెళ్ళిన ఏడాది నేనా వాటాలో దిగాను. తొంభైల్లో మాట. నాలుగో రోజున ఆవిడ చీర ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చి, కాసేపు నిలబడి, "ఏమ్మా, నువ్వు కుట్టుకుంటూ ఉంటే నేనిక్కడ కూచుని చదువుకోనా? మా ఇంట్లో గోడలు తప్ప వినేవాళ్ళు లేరు" అన్నారు.

"ఆయ్, దానికేం భాగ్యమండీ, కూచోండి" అన్నాను. మనసులో చదువుకుంటారనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా మొదలుపెట్టేసరికి నాకు నవ్వాగలేదు.

చిలకలో ప్రాణం దాచుకున్న రాక్షసుడి కథ మనందరికీ తెలిసిందే. ఆవిడ రాతలో ఆ రాక్షసుడు ఇంకో గ్రహం మీద ఉంటాడు. చిలకేమో యంత్రం, దాని కడుపులో బ్యాటరీ. "చిలక్కి బ్యాటరీ ఏంటండీ, చోద్యం కాపోతే!" అన్నాను. "ప్రాణం నిలవాలంటే ఎక్కడో ఒకచోట చార్జింగుండాలి కదమ్మా" అన్నారు, క్లాసులో పాఠం చెప్పినట్టే. అలా ఒక్కో పాత కథనీ ఆకాశంలోకి ఎక్కించేవారు. ఎగిరే మంచం రాకెట్టయింది. పాము కుబుసం వదిలే రాజకుమారుడు అంతరిక్షంలో తొడుక్కునే సూటు విప్పేవాడు.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. ఆవిడ చదువుతూ ఉంటే నేను ఊ కొడుతూ మిషను తొక్కేదాన్ని. కథ రుచిలో పడితే నా కాలు దానంతటదే ఆగిపోయేది. మిషను ఆగిన చోటల్లా ఆవిడ పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టుకునేవారు. టిక్కు లేని పేజీలు ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ రాసేవారు. "సైన్సుకి ఎందుకు అనే ప్రశ్న కావాలి, కథకి ఊ కావాలి" అనేవారు. చివరి పేజీ చదివాక, నా ఎదురుగానే, కింద "సమాప్తం" అని రాసేవారు. ఇంట్లో కూచుని రాసిన సమాప్తం చెల్లదట.

అద్దె పుస్తకాల షాపుకెళ్ళి మా టీచరుగారి పుస్తకం ఉందా అనడిగితే, "బయటికెళ్ళిందండీ, వారం ఆగండి" అనేవాడు. నాకెంత గొప్పగా ఉండేదో! తరవాత టీవీ సీరియళ్ళొచ్చాయి. ఆ షాపు సెల్‌ఫోన్ల షాపయింది. నాలుగో నవల వేశాక, ఇప్పుడు నవలలు ఎవరూ చదవడం లేదని ప్రచురణకర్త ఉత్తరం రాశారు. అది నాకు చూపించి, "ఎవరూ అంటాడేమిటి? నువ్వున్నావు కదమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఐదో నవల నా నోటి దురుసుతో పుట్టింది. ఆవిడ ప్రతి కథలోనూ పేదరాశి పెద్దమ్మ ఉండేది. రాజకుమారులు దారిలో ఆవిడ ఇంట్లో దిగడం, తినడం, దారి అడిగి పోవడం. ఒకరోజు నాకు ఒళ్ళుమండి, "ఇన్ని కథలు చదివేరు. అందరూ ఆ ముసలావిడింట్లో పడి తినేవాళ్ళే. నువ్వు తిన్నావా అని ఒక్క వెధవైనా అడగడేంటండీ?" అన్నాను. టీచరుగారు కళ్ళజోడు తీసి నా వంక చూశారు. మర్నాడు ఒక దస్తా తెల్లకాగితాలు తెప్పించుకున్నారు.

ఆ నవలలో పెద్దమ్మ నక్షత్రాల మధ్య ఒక మజిలీలో ఒక్కతీ ఉంటుంది. వచ్చేపోయే ఓడలకి అన్నం పెడుతుంది. ముందు నాలుగు నవలల్లో వెళ్ళినవాళ్ళలో ఎవరైనా తిరిగొస్తారేమోనని రోజూ ఒక విస్తరి ఎక్కువ వేస్తుంది. "ఇంతకీ ఎవరైనా వస్తారాండీ?" అంటే, "వినమ్మా, వింటేగా తెలిసేది" అనేవారు.

వినలేదు. అదీ నేను చెప్పుకోవలసింది.

బళ్ళకి యూనిఫారాలు కుట్టే పని వచ్చి నేను మిషనుకి మోటారు పెట్టించాను. ఆ రొదలో ఆవిడ గొంతు వినపడేది కాదు. రెండు రోజులు అరిచి చదివారు. మూడో రోజు, "నీ మోటారు ముందు నా రాకెట్టు ఏపాటిదమ్మా" అని కాగితాలు మడిచి లేచారు. ఆపుతానండీ, కూచోండి అని నేనన్నానా? లేదు. జూన్ నెల, చొక్కాల గుట్ట నడుమెత్తున ఉంది.

ఆ తరవాత ఆవిడ మధ్యాహ్నం కరెంటు కోతల్లో వచ్చేవారు. ఫాను ఆగీ ఆగకముందే గుమ్మంలో చెప్పుల చప్పుడు. "పోయిందా అమ్మా?" అని అడిగి, వగరుస్తూ చదివేవారు. నేను గుండీలు కుట్టుకుంటూ వినేదాన్ని. కరెంటు రాగానే, "మళ్ళీ చదువుదురుగానండీ" అని లేచి స్విచ్చి వేసేదాన్ని. ఆవిడ చదివిన చోట పెన్సిలుతో ఏదో రాసుకుని వెళ్ళిపోయేవారు. ఊళ్ళో అందరూ కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే, ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూచున్న మనిషి మా వీధిలో ఒక్కరే ఉన్నారు. నాకు అది అప్పుడు తోచలేదు. పోనుపోను కోతలు తగ్గాయి. రాజోలు వెళ్ళే రోజున ఆవిడ గుమ్మంలో నిలబడి, "అయిపోవచ్చిందమ్మా, నువ్వొచ్చాక మొత్తం ఒక్కసారి వినాలి" అన్నారు. "ఆయ్, అలాగేనండీ" అని బస్సుకి పరిగెత్తాను.

ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన ఆవిడ తమ్ముడుగారు, "మీ పేరు చెప్పి దాచుకున్నారండి, మీరే ఉంచుకోండి" అని కాగితాల కట్ట నా చేతిలో పెట్టారు. మర్నాడు మిషను ముందు కూచుని విప్పాను. మొదటి అధ్యాయాల పక్కన ఎర్ర టిక్కులు. ఆ తరవాత టిక్కులు లేవు. కొన్ని పేజీల పక్కన "కరెంటు వచ్చింది" అని రాసి ఉంది. ఒకచోట కాదు, లెక్కలేనన్ని చోట్ల. కొన్ని చోట్ల వాక్యం మధ్యలోనే. అలా వస్తూ వస్తూ అదీ ఆగిపోయింది. అక్కణ్ణించి ముప్పై నలభై పేజీల అంచులు తెల్లగా ఉన్నాయి.

చివరి పేజీలో పెద్దమ్మ తలుపు చప్పుడవుతుంది. వచ్చింది రాజకుమారుడు కాదు. దారి తప్పిన ఓడలో చిరుగులు కుట్టే ఒక ఆడమనిషి. వేసి ఉన్న విస్తరి చూసి కూచోకుండా, "మీరు తిన్నారాండీ?" అని అడుగుతుంది. పెద్దమ్మకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పడుతుంది.

అంతే. కింద సమాప్తం లేదు. ఇన్నేళ్ళ పక్కవాటాలో తిన్నారా అన్న మాట నేను ఆవిడని ఒక్కనాడైనా అడిగానా అని ఆలోచించాను. అడిగిన గుర్తు లేదు. వచ్చిన ప్రతిసారీ ఆవిడే నన్ను అడిగేవారు.

ఆ పేజీ అంచున ఎర్ర పెన్సిలుతో సన్నగా ఒక ముక్క రాసి ఉంది. "ఇక్కడికొచ్చేసరికి కరెంటు వచ్చినా అమ్మాయి లేవదేమో. చదివి చూడాలి."

అప్పుడు కరెంటు ఉంది. ఫాను తిరుగుతోంది. సూది కింద సగం కుట్టిన తెల్ల చొక్కా అలాగే ఉంది. నేను లేవలేదు. ఎర్ర పెన్సిలు కోసం పక్కవాటా వైపు చూశాను. తలుపుకి తాళం వేసి ఉంది.