ఊటవాళ్ళ చెలిమె

తుంగతుర్తి నేల అడుగున బతికే జనానికి పనినిబట్టే తెగ. చెలిమె అనే ఆమెది ఊటవాళ్ళ తెగ. పై ఊళ్ళ బావులకు నీటిజాడలు మళ్ళించడం వాళ్ళ పని. చెలిమె నడిచినంతసేపూ అరచేయి రాతికి ఆనించే ఉంటుంది, నిద్రపోతున్న నీళ్ళను జోకొడుతున్నట్టు. పైన బావిలో బొక్కెన మునిగిన చప్పుడు వింటే తనలో తాను నవ్వుకుంటుంది. ధాన్యం దాచుకునే పాతరల చుట్టూ నేలను పొడిగా కాచేది మాత్రం పాతరవాళ్ళు. అక్కడ తడి పెట్టిన ఊటవాళ్ళకు వెలి తప్పదు.

నైజాం చివరి ఎండాకాలంలో ఒకనాడు, ఖాళీ పాతరలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. "దూప అయితుందా బిడ్డా? జర ఓర్సుకో. పైన తుపాకులోళ్ళున్నరు," అంటోంది తల్లి, ఎండిన గొంతుతో. చెలిమె పాతర గోడమీంచి చేయి తీసేసింది, మళ్ళీ ఆనించింది. చివరకు వేలితో మట్టిని గీసింది. చల్లని ధార లోపలికి జారింది, ఏడుపు ఆగింది.

వెనక్కి తిరిగితే పాతరవాళ్ళ పెద్ద మైసవ్వ నిలబడి ఉంది. "నా పాతర తడిపినవా?"

"తడిపిన. వెలేస్తే వెయ్యి అవ్వా."

మైసవ్వ గోడకు చెవి ఆనించింది. అవతల బిడ్డ గుటకలు వేస్తున్నాడు.

"జర సన్నగ పారనియ్యి," అంది ముసలిది. "పిలగానికి పొలమారతది."