మోటార్ల మధ్యాహ్నపు కునుకు

ఇప్పుడు మన మధ్య లేని ఎవరిస్తో ఒలీవా గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. మోటార్లను మధ్యాహ్నం పూట నిద్రపుచ్చేవారు.

కోర్దొబా నగరంలో ఆయన పనిచేసే ప్రయోగశాలలో తయారయ్యేది బొటనవేలంత మోటారు. ఉపగ్రహం రెక్కలు తిప్పాలన్నా, రోగి నడుముకు కట్టిన పంపులోంచి మందు చుక్కలు వదలాలన్నా అదే. ఎన్నేళ్ళు మన్నుతుందో చూడటానికి బల్ల మీద పన్నెండింటిని తిప్పుతూ ఉండేవారు. ఒంటిగంట కాగానే ఎవరిస్తో గారు మీట దించి, వాటిపై తెల్లగుడ్డ కప్పి, పెదవుల మీద వేలు పెట్టుకునేవారు. మళ్ళీ నాలుగింటికే మేలుకొలుపు; అందాకా అందరూ ఇళ్ళకు. పాత డైరెక్టరు కూడా ఆ వేళకు గురక పెట్టేవాడు గనుక అడిగేవారు లేరు.

“ఇంజనీరు గారూ, ఉపగ్రహం కూడా కునుకు తీస్తుందా?” అనేది టెక్నీషియన్ నేలిదా.

“భూమి నీడలోకి పోయినప్పుడు అది చేసేదేమిటి మరి?”

“పంపు పడుకుంటే రోగి గతి?”

“చుక్కకీ చుక్కకీ మధ్య అదీ పడుకుంటుందమ్మాయ్. నువ్వే ఊరికే కంగారు పెడుతున్నావు దాన్ని.”

ఓసారి ఏడో నంబరు మోటారు కీచుమంది. “నిన్న దీనికి నిద్ర చాల్లేదు,” అని నాలుగున్నర దాకా లేపనివ్వలేదు.

ఇంతలో రాజధాని బ్యూనోస్ ఐరిస్ నుంచి బస్తెర్రీకా అనే కొత్త డైరెక్టరు దిగాడు. వచ్చిన మర్నాడే గుడ్డ ఎత్తి చూశాడు.

“ఏమిటివి, పసిపిల్లలా? ఇవాళ్టి నుంచి ఆపడానికి వీల్లేదు. తిరిగే యంత్రాన్ని ఒంటరిగా వదలకూడదు కూడా. నేలిదా, మధ్యాహ్నం నువ్వుండు.”

పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రికి ఆ వేళ సూప్ తాగించి మాత్రలు వేసేది నేలిదా ఒక్కతే. ఆ మూడు గంటలూ పోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. ఈ సంగతి అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు.

“నేనుంటాలెండి,” అన్నారు ఎవరిస్తో గారు.

“మీరా?” అన్నాడు బస్తెర్రీకా. “రాజధాని వాళ్ళకి కునుకు విలువ తెలీదని నిన్నంతా నన్ను వాయించారు! మరి మీ నిద్ర?”

“నాకెక్కడి నిద్ర? పుట్టి బుద్ధెరిగాక పగలు కన్ను మూతపడితే ఒట్టు. మూడేసి గంటలు కాలవగట్టున తిరిగి రెండు జతల బూట్లు అరగ్గొట్టాను.”

డైరెక్టరు వెళ్ళాక నేలిదా గుడ్డ వంక చూసింది. అది మొదటిసారి బల్ల మీదికి వచ్చింది రెండేళ్ళ కిందట, నాన్న పడిపోయిన వారంలోనే.

“ఇంజనీరు గారూ, మా నాన్న సంగతి మీకెవరు చెప్పారు?”

“ఎవరి నాన్న?” ఆయన చెవుల దాకా ఎర్రబడి, మోటార్ల మీదికి వంగారు. “బస్సు పోతుంది, వెళ్ళు. కాస్త మెల్లిగా మాట్లాడు తల్లీ. ఇవాళ్టి నుంచి నిద్ర లేదని వాటికింకా చెప్పలేదు.”