షేపొల పెంపొకొం

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే చెప్పే మనిషికి నెరిసిన జుట్టు ఉండాలని ఒక అలిఖిత నియమం. నాకింకా నలభై రాలేదు. కానీ ప్రభుత్వ గ్రంథాలయంలో పదేళ్ళు పనిచేస్తే బయట పాతికేళ్ళు గడిచినట్టు లెక్క. అక్కడ గోడ గడియారానికి కూడా తొందర ఉండదు. కాబట్టి ధైర్యంగా అంటున్నాను: ఆ రోజుల్లో నాకు తెలుగు చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చని కలకత్తాలో ఒక పెద్ద గ్రంథాలయం నమ్మింది. దరఖాస్తులో ఆ మూడింటికీ ఎదురుగా టిక్కులు పెట్టింది నేనే. మూడింటిలో ఒకటి నిజం. చదువుకున్న మనిషి చెప్పే వాటిలో మూడో వంతు నిజమైతే చాలని అప్పట్లో నా అభిప్రాయం.

మాది సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, తర్వాతి తరాలవాళ్ళు వెనక్కి వెళ్ళేందుకు రైలు పాసులున్నా సెలవులకు తప్ప వెళ్ళలేదు. ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ, ప్లాట్‌ఫారం మీద హిందీ. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తున్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ, ఆమదాలవలస. రైలు నెమ్మదించిన చోట అక్షరాలు బాగా పట్టుబడ్డాయి. ఆగకుండా పోయిన చోట రాలేదు. (నాకు ఇప్పటికీ ‘ప’ చూస్తే జీడిపప్పు వాసన వస్తుంది.) ఈ విద్యతో నేను గ్రంథాలయంలో తెలుగు విభాగానికి తాత్కాలిక సహాయకురాలినయ్యాను.

తెలుగు విభాగం అంటే మూడు అల్మారాలు. జిరాక్స్ మిషనుకీ మంచినీళ్ళ ఫిల్టరుకీ మధ్య ఉండేవి. ఎప్పుడో ఓడరేవు కూలీల కోసం, రైల్వే వాళ్ళ కోసం కొన్న పుస్తకాలు. వాటికి మిగిలిన నిత్య పాఠకుడు ఒక్కరే. ఖిదిర్‌పూర్ ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన పెద్దాయన. అందరూ ఆయన్ని క్రేను తాత అనేవారు. రోజూ పదకొండింటికి వచ్చి, ఫిల్టరు పక్క కుర్చీలో కూర్చుని, పుస్తకాన్ని బరువు తూచినట్టు ఒక్కసారి ఎత్తి చూసి, చదవడం మొదలుపెట్టేవారు. ఏ పుస్తకమైనా ఆయనకు ఒకటే. వంటల పుస్తకం, పశువైద్యం, పంచాంగం, అన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదివేవారు.

నేను చేరిన మూడో నెలలో ఆ అల్మారాలను హౌరాలోని గోడౌనుకు పంపాలని నిర్ణయమైంది. వాటి స్థానంలో ‘డిజిటల్ కార్నర్’ వస్తుందట. అల్మారాలు వెళ్ళిపోతే నా ఉద్యోగం వెళ్ళిపోతుంది, ఎందుకంటే నా నియామక పత్రంలో నన్ను తీసుకున్నది ‘అల్మారాల పర్యవేక్షణ నిమిత్తం’ అని ఉంది. క్రేను తాతకు ఈ సంగతి చెప్తే, గోడౌనులో కుర్చీ ఉంటుందా అని అడిగారు. ఉండదన్నాను. ఆయన మళ్ళీ పశువైద్యంలోకి వెళ్ళిపోయారు గాని, ఆ పూట పేజీ తిప్పలేదు.

సరిగ్గా అప్పుడే ప్రపంచం మా తరఫున అడ్డుపడింది. అయిదారు దేశాల్లోని మహానగరాల గ్రంథాలయాలు కలిసి ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఏ ఊళ్ళో ఏ భాష పుస్తకాలున్నాయో అందరూ ఒకే జాబితాలో రాస్తే, ఒకరి దగ్గర లేనివి ఇంకొకరు పంపుకోవచ్చునని ఆలోచన. మా ప్రధాన గ్రంథపాలకుడు (మేమంతా ‘బొడొ బాబు’ అనేవాళ్ళం, అంటే పెద్దయ్యగారు) మా బెంగాలీ పుస్తకాల సముద్రాన్ని మీ ముందుంచుతాం అని పొంగిపోతూ ఉత్తరం రాశారు. వాళ్ళు చాలా మర్యాదగా, బెంగాలీ తమ దగ్గర సరిపడా ఉందనీ, తమ ఊళ్ళలో ఇటీవల తెలుగు పాఠకులు ఎక్కువయ్యారనీ, కలకత్తాలో పాత తెలుగు పుస్తకాలేమైనా ఉన్నాయా అనీ జవాబిచ్చారు. ఆ రోజు బొడొ బాబు తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి తెలుగు అల్మారాల దాకా నడిచి వచ్చారు. దారి మధ్యలో ఒకసారి ఎవరినో అడిగారు కూడా. వచ్చి, జాబితా నాలుగు వారాల్లో వెళ్ళాలనీ, అది కూటమికి నచ్చితే అల్మారాలు ఇక్కడే ఉంటాయనీ, నచ్చకపోతే గోడౌనేననీ చెప్పి, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో, ఏ అక్షరం నెత్తిన గీత పెట్టాలో, దేని కింద చుక్క పెట్టాలో వివరిస్తూ కూటమి వాళ్ళు నలభై పేజీల నియమావళి పంపారు. అది ముఖ్యమైన పత్రం కాబట్టి బొడొ బాబు దాన్ని లామినేషన్ చేయించి తన బీరువాలో పెట్టి తాళం వేశారు. అలాంటిది ఒకటుందని నాకు తెలియలేదు. నేను నా పద్ధతిలో పని మొదలుపెట్టాను.

నా పద్ధతి చెప్తాను. పుస్తకం అట్ట మీది పేరు నాకు సగమే అర్థమయ్యేది కాబట్టి క్రేను తాతను చదవమనేదాన్ని. ఆయన బ్రహ్మాండంగా చదివేవారు, కాకపోతే వాళ్ళ ఊరి నోటితో. ఆయన నోట్లో ‘చ’ అనేది లేదు, అంతా ‘స’. చేపలు సేపలు, చరిత్ర సరిత్ర. అది నా చెవిలో పడేది. నేను బెంగాలీ బడిలో చదివినదాన్ని. బెంగాలీలో ‘వ’ లేదు, ‘బ’ తో సరిపెట్టుకుంటారు. ‘అ’ అన్నప్పుడల్లా నోరు గుండ్రంగా తిరిగి ‘ఒ’ అవుతుంది. ‘స’ ఏమో ‘ష’ అవుతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు నా చేతికి ఈ అలవాట్లన్నీ వాటంతట అవే వచ్చేవి. అలా ‘చేపల పెంపకం’ అనే నిరపాయమైన పుస్తకం తాత నోట ‘సేపల పెంపకం’ అయి, నా చేతిలో ‘షేపొల పెంపొకొం’ అయింది. ‘వనవాసం’ ‘బొనొబాషొం’గా తేలింది. నాకు ఇందులో ఏ దోషమూ కనిపించలేదు. చదువుతుంటే ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంది.

ఇంత పనిలో తన చెయ్యి లేకపోతే బాగుండదని బొడొ బాబు పుస్తకాల విషయ విభజన తానే చేస్తానన్నారు. ఆయనకు తెలుగు రాదు గాని నేను రాసిన పేర్లు చూస్తే ఆయనకు బాగానే అర్థమవుతున్నాయి. మీ భాష ఇంత సులువా అని ఆశ్చర్యపోయారు. బెంగాలీలో ‘బ్యాబొషాయ్’ అంటే వ్యాపారం, అందుకని మా వ్యవసాయం పుస్తకాలన్నీ వాణిజ్యంలోకి వెళ్ళాయి. బెంగాలీలో ‘ఉపొన్యాష్’ అంటే నవల. కాబట్టి ‘ఆరోగ్య ఉపన్యాసాలు’, ‘సహకార ఉద్యమంపై ఉపన్యాసాలు’ వగైరాలన్నీ నవలలయ్యాయి. తెలుగువాళ్ళు ఇన్ని నవలలు రాస్తారని అనుకోలేదని ఆయన నన్ను అభినందించారు. నేను వినయంగా తల దించుకున్నాను. ముగ్గురం మూడు రకాలుగా ఏమాత్రం సందేహం లేకుండా పనిచేశాం. అంతర్జాతీయ సహకారం సంగతేమో గాని, మా అల్మారాల దగ్గర సహకారానికి మాత్రం లోటు లేదు.

జాబితా గడువుకు ఒక రోజు ముందే వెళ్ళింది. పది రోజుల తర్వాత జవాబొచ్చింది. కూటమి భాషల విభాగం అధ్యక్షురాలు మా శ్రమను మెచ్చుకుని, ఈ అరుదైన భాష జాబితా తమకెంతో ఆసక్తి కలిగించిందనీ, ఒక నిపుణుడికి చూపిస్తే ఇది ఒడియాకూ బెంగాలీకీ మధ్య ఎక్కడో మాట్లాడే భాష కావచ్చన్నాడనీ రాసి, ఇక తెలుగు జాబితా ఎప్పుడు పంపుతారని అడిగింది.

బొడొ బాబు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, నన్ను పిలిచి, నువ్వు ఏ భాషలో రాశావని అడిగారు. తెలుగులోనే అన్నాను. నిజంగానే అలా అనుకునే అన్నాను. మర్నాడు వీడియో సమావేశం పెట్టారు.

అల్మారాల ముందే లాప్‌టాప్ పెట్టారు. తెర మీద అధ్యక్షురాలు, ఆవిడ పక్కన వాళ్ళ గ్రంథాలయంలో పనిచేసే తెలుగాయన కూర్చున్నారు. ఇటుపక్క బొడొ బాబు, నేను. ఫిల్టరు పక్క కుర్చీలో తన మామూలు ప్రకారం క్రేను తాత. తెలుగాయన మాట చాలా చక్కగా, ఇస్త్రీ చేసినట్టుంది. ‘షేపొల పెంపొకొం’ అంటే ఏమిటండీ అని అడిగారు. నేను చెప్పాను. ఆయన కాసేపు ఆ మాటను నోట్లో తిప్పుకుని చూసుకున్నారు. ఆరోగ్యం గురించిన నవలలో కథ ఏమిటని తర్వాత అడిగారు. నేను బొడొ బాబు వైపు చూశాను. అప్పుడు తెలుగాయన మెత్తగా, ఆ అల్మారాలోంచి ఏదో ఒక పుస్తకం తీసి, కెమెరాకు చూపించి, పేరు చదవండమ్మా అన్నారు.

చేతికందింది తీశాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఒక కొమ్ము, దాని పక్కన ఇంకో మెలిక, చివర ఒక దీర్ఘశ్వాస లాంటి వంపు. మా రైలు దారిలో ఏ స్టేషనూ ఆ అక్షరంతో మొదలవదు. తెర మీద ఇద్దరూ ఎదురు చూస్తున్నారు. జిరాక్స్ మిషను మాత్రం దానిపాటికది కాగితాలు తీస్తోంది. బొడొ బాబు నా వైపు వంగి, తప్పంతా సాఫ్ట్‌వేర్‌ది అని చెప్పమని బెంగాలీలో గుసగుసలాడారు. మంచి సలహాయే. నా నోటిదాకా వచ్చింది కూడా. కానీ చేతిలో పుస్తకం ఉంది, దాని మీద అక్షరం ఉంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పెట్టలేదు.

“నాకు తెలుగు సదవడం సరిగ్గా రాదండి,” అన్నాను. “తాత సదివితే నేను రాసినాను.”

వెనకనుంచి కుర్చీ కిర్రుమంది. క్రేను తాత లేచి వచ్చి, నా చేతిలో పుస్తకం తీసుకుని, అలవాటుగా ఒకసారి పైకెత్తి చూసి, లాప్‌టాప్ ముందు వంగారు. తెరంతా ఆయన నుదురే కనిపించి ఉంటుంది.

“రుతువులు, పంటలు. ఇందల ఏటుంది బాబూ, తెలీకపోడానికి? ఆ గుంట తప్పేటీ లేదు. నానెలగ సదివితే అలగే రాసింది.”

తెలుగాయన ముఖం మారింది. ఆ ఇస్త్రీ కాస్త నలిగింది.

“మీదే ఊరండీ?”

“ఖిదిర్‌పూర్. నీదో?”

“తెనాలండీ.”

“అదెక్కడా?”

తెలుగాయన అధ్యక్షురాలి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో వివరించడం మొదలుపెట్టారు. ‘తెనాలి, ఖిదిర్‌పూర్’ అన్న రెండు మాటలు మాత్రం నాకు వినబడ్డాయి. ఆవిడ తల ఊపుతూ, శ్రద్ధగా రాసుకుంటూ, మధ్యలో ఒకసారి క్రేను తాతకు నమస్కారం పెట్టింది. తాత కూడా పెట్టారు, పుస్తకం చేతిలో ఉండటంతో ఒంటిచేత్తోనే.

తీర్పు వారానికొచ్చింది. జాబితా అంగీకరించబడలేదు. అయితే తిరస్కరించబడనూ లేదు. నియమావళి ప్రకారం మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ప్రతి పుస్తకం లోపలి పేజీ ఫోటో తీసి పంపాలి. ఆ పని పూర్తయ్యేవరకు పుస్తకాల వరస చెదరకూడదు కాబట్టి అల్మారాలు అంగుళం కూడా కదలకూడదు. రాసే మనిషీ మారకూడదు, ఎందుకంటే ఏ తప్పు ఎందుకు చేసిందో ఆ మనిషికే తెలుసు. (ఇది తెలుగాయన పెట్టించిన షరతని తర్వాత తెలిసింది.) ఈ తప్పులు దిద్దడానికి ఎన్నాళ్ళు పడుతుందని బొడొ బాబు అడిగితే, రెండేళ్ళన్నాను. ఆయన నిట్టూర్చి బీరువా తాళం తీశారు. డిజిటల్ కార్నర్ మెట్ల కిందికి వెళ్ళింది. నాలుగు వారాల్లో ఏ తప్పూ లేకుండా రాసి ఉంటే నా నైపుణ్యాన్ని మెచ్చుకుని ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపేవారు. అంత శ్రద్ధగా తప్పులు చేశాను కనుక ఉద్యోగం నిలిచింది.

ఆ రెండేళ్ళూ ఒడిలో లామినేషన్ చేసిన నలభై పేజీలు పెట్టుకుని, పుస్తకం పేరు నేనే పైకి చదివేదాన్ని. క్రేను తాత తన పుస్తకంలోంచి తలెత్తకుండా వినేవారు. నేను తప్పు చదివితే మాత్రం తలెత్తేవారు. ఏమీ అనేవారు కాదు, కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు, అంతే. మొదట్లో పాపం ఆయన మెడకు చాలా పనిపడింది. పేరు పేరుకీ తల లేచి దిగేది. నెలలు గడిచేకొద్దీ అది తగ్గింది.

ఒక చలికాలం మధ్యాహ్నం, రెండో అల్మారా అడుగు అరలోని పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి చదివాను. అర మొత్తం అయిపోయింది. తాత ఒక్కసారి కూడా తలెత్తలేదు. చివరి పుస్తకం పేరు చాలా పొడుగు, నిండా వత్తులు, అదీ చదివాను. తలెత్తలేదు. నేను పుస్తకాలు సర్దేసి, అయిదింటికి బయల్దేరి, పడవ ఎక్కి హౌరా చేరి లోకల్ రైలెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా సంత్రాగాఛి దాకా తలుపు దగ్గర నిలబడే వెళ్ళాను. కూర్చునే మనిషిని కాను ఆ రోజు.

ఇప్పుడు ఆలోచిస్తే, భోజనం తర్వాత వేళ, వెచ్చటి ఎండ కిటికీలోంచి నేరుగా ఆయన మీద పడుతోంది, పుస్తకం ఒళ్ళో ఉంది, గడ్డం గుండెకు ఆనుకుని ఉంది. ఆయన హాయిగా నిద్రపోతూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. అడిగి తెలుసుకోవడానికి ఆయన ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు కూడా నేను అడగలేదు. ఆ రోజు రైలు తలుపు దగ్గర నిలబడ్డ పిల్లకు ఆ సంగతి చెప్పే బాధ్యత నాదే అయినా, ఎందుకో ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూనే ఉన్నాను.