లైటు పట్టుడు

బాపు ఊర్లు తిరిగిన పాత మోటార్ సైకిల్ చప్పుడు జర మారిందంటే, కాటారంల ఉండే మా బావకే ఫోను. ఇంటికొచ్చిన అల్లునికి కాళ్లకు నీళ్లియ్యకముందే బాపు పానాల డబ్బా ముందట పెడుతుండె. బావ స్క్రూడ్రైవర్ కొసను నడుస్తున్న ఇంజన్ మీద పెట్టి, పిడికి చెవి ఆనిచ్చి, కండ్లు మూసుకుంటుండె.

"జర ఆగు మామా, అదే చెప్తది."

బాపు నా దిక్కు తిరిగి, "నువ్వు టార్చిలైటు పట్టురా" అంటుండె. కన్నకొడుకును నేను. నాకు లైటే!

బాపు పోయినంక బండి నాకొచ్చింది. మొన్న బావ మా ఇంట్ల ఉన్నప్పుడే మళ్ల చప్పుడు మారింది. ఆయనను ముట్టనియ్యలే. నేనే చెవి పెట్టిన. లడలడ తప్ప ఏం తెలువలే. బావ లైటు తీస్కొని పక్కన కూసున్నడు. నా చెయ్యి ఏడికి పోతే ఆడ, నాకంటె ముందే వెలుగు పడ్డది.

లైటు పట్టుడు గూడ నాకంటె ఆయనకే మంచిగొచ్చు.