జెయింట్ వీల్‌లో కొబ్బరికాయల బస్తా

డెబ్భైల చివర్లో నేను కొత్తపేటలో ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మని. నాకు జెయింట్ వీల్ పిచ్చి ఉండేది. పిచ్చి అంటే పిచ్చే. చుట్టుపక్కల ఏ ఊళ్ళో తీర్థం జరిగినా చక్రం వచ్చిందా లేదా అని ముందు ఆరా తీసేదాన్ని. చేత్తో తోసే చెక్క చక్రమా, ఇంజను చక్రమా, పైనుంచి దిగేటప్పుడు కడుపులో ఆ ఖాళీ ఎంతసేపుంటుంది, అన్నీ నాకు లెక్కే. ఎక్కితే ఒంటరిగానే ఎక్కాలి. పక్కన మనిషుంటే కేకలేస్తారు, చెయ్యి గట్టిగా పట్టుకుంటారు, సుఖమంతా పాడవుతుంది.

చిక్కల్లా మేం క్రైస్తవులం కావడమే. తీర్థమంటే గుడి ఉత్సవం, మా సంఘంవాళ్ళు వెళ్ళకూడదు. వెళ్ళినట్టు తెలిస్తే మూడు నెలలు ప్రభువు బల్లకి దూరం పెట్టేవారు. అంటే నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే తల వంచుకుని కూర్చోవాలి. ఎవరు తప్పారో సంఘంలో చెప్పాల్సిన పెద్ద మా నాన్నగారు. సొంత తమ్ముణ్ణే లేచి నిలబడి పేరు చెప్పి బల్ల ఆపించిన మనిషి. బాబాయి ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు.

అంచేత ఒక శనివారం తీర్థానికని బస్సెక్కిన దగ్గర్నుంచీ నాకు భయమే. అంబాజీపేటలో దిగి కొంగు తలమీదికి లాక్కుని, తెలిసిన మొహం కనిపిస్తే ఏ కొట్లోకి దూరాలా అని చూసుకుంటూ నడిచాను. ఇంత భయపడుతూ వెళ్ళడమెందుకు అంటారా? వెళ్ళకపోతే ఇంకా దిగులుగా ఉండేది మరి.

చక్రం అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కరేనాండి? ఎండపూట జనం లేరండి. ఒంటి మనిషైతే బరువు చాలక తొట్టి కుదుపేస్తాదండి. ఆ ఫేమిలీతో కూర్చోండమ్మా."

"వద్దండి. ఒక్కదాన్నే ఎక్కుతాను."

"ఆయ్, అయితే ఉండండి," అని రోడ్డు పక్కన లారీకి ఎక్కిస్తున్న కొబ్బరికాయల్లోంచి ఒక బస్తా అడిగి, భుజాన వేసుకొచ్చి నా ఎదుటి సీట్లో కూర్చోబెట్టాడు. నవ్వొచ్చింది. నోరు విప్పని తోడు, ఇంతకన్నా ఏం కావాలి?

రెండో చుట్టులో, కింద ఎవరినో ఎక్కించడానికి నన్ను పైన ఆపాడు. తొట్టి మెల్లగా ఊగుతోంది. కింద కాలవ, కొబ్బరిచెట్ల తలలు. ఆ కాసేపూ నాకు ఏ భయమూ లేదు. అప్పుడు లారీ పక్కన ఒకాయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తన బస్తా ఎక్కడికి పోయిందా అని పైకి చూడటం కనిపించింది. మా నాన్నగారు. పొద్దున్నే కాయలు లారీకి వేయించడానికి వెళ్ళారని తెలుసు. ఈ చుట్టుపక్కల కాయలన్నీ చేరేది అంబాజీపేటకేనని చిన్నపిల్లలకి కూడా తెలుసు. చక్రం ధ్యాసలో పంతులమ్మకి తట్టలేదు.

దిగేసరికి ఆయన నా చెప్పుల పక్కన నిలబడి ఉన్నారు.

"భయమేసిందామ్మా?"

"లేదండి నాన్నగారండీ."

"ఆయ్," అన్నారు. ఇద్దరం ఒకే బస్సులో ఇంటికొచ్చాం. తిట్టినా బాగుండేది.

మర్నాడే బల్ల ఆదివారం. ప్రకటనల వేళ నాన్నగారు లేచి నిలబడ్డారు. నా పేరే చెబుతారనుకున్నాను. ఆయన చర్చి గోడలకి సున్నం వేసే సంగతి చెప్పి కూర్చున్నారు. తర్వాత రొట్టె పళ్ళెం పట్టుకుని వరసలో నా దాకా వచ్చారు. తీసుకోకపోతే అందరికీ తెలిసిపోతుంది. తీసుకుంటే ఆయన ఎదుటే అబద్ధమాడినట్టు. సిగ్గుతో ఆయన మొహంలోకి చూడలేకపోయాను. తీసుకున్నాను.

అందరికీ ఇచ్చాక పాస్టరుగారు పళ్ళెం నాన్నగారికి అందించారు. ఆయన ముట్టకుండా పక్కాయనకి ఇచ్చేసి, వెళ్ళి ఆఖరి బెంచీలో తల వంచుకుని కూర్చున్నారు. ఈయన చేసిన తప్పేమిటా అని సంఘమంతా గుసగుసలు. అలా మూడు నెలలు కూర్చున్నారు. ఆ మూడు నెలలూ నేను రొట్టె తీసుకుంటూనే ఉన్నాను.