సున్నం కొట్టిన పరుపుల కొట్టు

నిన్న ఒక నాయకుడి మనిషి ఫోన్ చేశాడు. "వెడల్పు రోడ్డు ప్రారంభానికి ఊరి పాత ఫొటోలు పెడుతున్నాం. నీ దగ్గర చానా ఉన్నాయంటగా, పట్రా" అన్నాడు. ఇవ్వనన్నాను. ఉన్నాయి, ఇవ్వను. ఎనిమిదో తరగతిలో లెక్కలకీ నాకూ పడక బడి మానేసి స్టూడియోలో చేరిన నాటి నుంచి, ఏటా ఒకసారి మా మాచర్ల రోడ్డును మిల్లు మేడ మెట్ల మీద నిలబడి తీస్తూనే ఉన్నాను. ఎవరూ తీయమనలేదు. ఏడ్చే పెళ్లికూతుళ్లను నవ్వించీ నవ్వించీ విసుగొచ్చిన వాడికి, నవ్వమని బతిమాలే పనిలేని రోడ్డు హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ ఫొటోల డబ్బా తెరిస్తే ఒళ్లు మండిపోతుంది.

ఆ రోడ్డు మీదే పరుపుల కొట్టు పిన్ని ఉండేది. నాకే కాదు, వీధి మొత్తానికీ పిన్నే. నేను స్టూడియోలో చేరకముందే మిల్లాయన స్థలంలో ఆయన నోటిమాట మీద వేసుకున్న కొట్టు, కాగితం ముక్క లేదు. పత్తి ఏకీ ఏకీ గోడలన్నిటికీ దూది నూగు పేరుకుపోయి, లోపలికెళితే గొర్రె ఒళ్లో కూర్చున్నట్టుండేది. నేను తుమ్మితే, "ఒరేయ్, నా సరుకు ఎగరగొట్టమాక" అనేది.

రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. పాత కొట్లవాళ్లకు కొత్త కాంప్లెక్సులో గది ఇస్తారట, ఈమధ్య లేపినవాటికి లేదట. ఫొటోలు చూసి తేలుస్తారట. తీసే పని నాకొచ్చింది. మా వైపు ఫొటో అంటే మొహానికి పౌడరు, గోడకు సున్నం. మాసిన గుడ్డతో కెమెరా ముందు నిలబడ్డవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అదంతా తెలిసీ నోరు మూసుకోక, "పిన్నీ, రేపు నీ కొట్టుకు పెళ్లిచూపులు" అన్నాను. తెల్లారి వెళ్లేసరికి నూగంతా గీకేసి, సున్నం కొట్టించి, తలుపుకు నీలం రంగేయించి, కొత్త చీరలో గుమ్మం ముందు నిలబడి ఉంది.

"ఎట్టుందిరా?"

"నిన్న కట్టినట్టుంది పిన్నీ."

మెచ్చుకోలుగానే అన్నాను. ఆఫీసరూ ఫొటో చూసి అదే రాశాడు.

డబ్బా పట్టుకుని పరిగెత్తాను. ఇన్నేళ్ల ఫొటోలూ ఆయన బల్ల మీద పరిచాను. ప్రతిదాంట్లోనూ పిన్ని కొట్టు ఉండాల్సిన చోట ఫ్లెక్సీ. పుట్టినరోజు, పాదయాత్ర, పండగ శుభాకాంక్షలు. ఒకే మనిషి మూడు కండువాల్లో దండం పెడుతున్నాడు. ఫొటో కోసం ఒక్క నిమిషం దాన్ని పక్కకు జరిపే మగాడు మా ఊళ్లో లేడు, నాతో సహా.

"ఏందయ్యా, కొట్టేదీ?" అన్నాడు ఆఫీసరు.

"దండం పెడుతున్నాయన వెనకుంది సార్."

నవ్వాడు. నా జోకుకు నవ్విన మనిషిని కొట్టాలనిపించింది జన్మలో అదొక్కసారే.

వీధంతా వెళ్లి చెప్పినా నోటిమాటలు చెల్లవన్నారు. కొట్టు పడగొట్టిన రోజు నేను పిన్ని మొహం చూడలేకపోయాను. దూది ఏకే విల్లు ఆటోలోకి ఎక్కిస్తూ, "నువ్వెందుకురా తల దించుకుంటావు, ఫొటో బాగానే పడిందిగా" అంది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు క్రోసూరులో కూతురింట్లో దిండ్లు కుడుతోంది.

కాలం ఊరిని మార్చేసిందని అందరూ అంటారు. నా ఫొటోల్లో మాత్రం కాలం పొడుగునా ముందు నిలబడ్డవాడు ముందే ఉన్నాడు, వెనకున్న వాళ్లే ఒక్కొక్కరుగా లేకుండా పోయారు.