పెద్దమ్మ కట్టిన దారి

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా పక్కింటి పెద్దమ్మ చనిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. కరోనా రెండుసార్లు మా గల్లీని ఊడ్చుకుంటూ పోయినా ఆమె జోలికి రాలేదు. ఇక ఈమెకు ఏమీ కాదని మేమంతా ధైర్యంగా ఉన్నాం. కబురు విని పరుగెత్తేసరికి తలుపు వెనక మేకుకు గుడ్డసంచి వేలాడుతోంది. సంచి నిండా పసుపురంగు చిందీలు. ఆదివారం కోసం కత్తిరించి పెట్టుకుంది.

సూరత్‌లో చీరల మార్కెట్ల నుంచి, మిషన్ల నుంచి రాలిపడే గుడ్డపేలికలను చిందీలంటారు. మా పర్వత్ పాటియా వైపు వాటికి కరువు లేదు. ఆ పేలికలతో పెద్దమ్మ ఏం చేసిందో మీకు చెప్పాలి.

ఆమెకు చదువు రాదు. పెళ్లయి తెలంగాణ నుంచి వచ్చినప్పటి నుంచీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసింది. ఆ పనికిచ్చే చీరల మూటలు నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పంచింది. అందువల్ల ఏ గల్లీలో దూరితే ఎక్కడ తేలతామో, ఏ ఇంటి వెనక సందు ఉందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పొట్టి మనిషి. ఎడమ మోకాలు నొప్పి. నవ్వు మాత్రం మూడిళ్ల అవతలికి వినపడేది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా కాలేజీ తెరవలేదు. క్లాసులన్నీ ఫోన్లోనే. ఒకరోజు ఆ ఫోన్లోనే ఒక వింత చూసి పెద్దమ్మ దగ్గరికి ఉరికాను. కొన్ని ఊళ్లలో ఆదివారం పూట జనం గుంపుగా పరుగెత్తుతారట. ఒకరు ముందే వెళ్లి దారి పొడవునా పిండితో గుర్తులు పెడతారట. మిగతావాళ్లు వాటిని వెతుక్కుంటూ, అరుచుకుంటూ, నవ్వుకుంటూ వెళ్తారట. పందెం కాదు. చివరికి అందరూ కలిసి తింటారట.

"పిండితోనా?" పెద్దమ్మ కత్తెర పక్కన పెట్టింది. "రేషను పిండి కోసం మనం ఎంతసేపు లైన్ల నిలబడ్డమో యాదికి లేదానే? గా పిండిని రోడ్డు మీద పోసుడేంది!"

"అయితే వద్దులే పెద్దమ్మా."

"వద్దని ఎవలన్నరు? చిందీలు కడదాం. సూరత్‌ల ఫుకట్‌ల దొరికేవి గవ్వే కదా."

అలా పుట్టింది మా చిందీ మండల్, మా పరుగుల జట్టు. దారి కట్టేది పెద్దమ్మే, నియమాలు చేసిందీ పెద్దమ్మే. కరెంటు స్తంభానికో కిటికీ చువ్వకో ఒక చిందీ ఉంటే దారి సరైనదని అర్థం. రెండు కలిపి ముడేసి ఉంటే అది దగా, వెనక్కి రావాలి. మూడు కలిపి ఉంటే అందరూ వచ్చేదాకా అక్కడ ఆగాలి. చిందీ కనపడ్డవాళ్లు "దొరికిందీ!" అని అరవాలి. అందరికన్నా వెనక నడిచే మనిషి చిందీలన్నీ విప్పుకుంటూ రావాలి, రోడ్డు మీద ఒక్కటీ మిగలకూడదు. అందరికన్నా ముందు చేరినవాళ్లకు మాత్రం శిక్ష. పాట పాడాలి.

"ముందు పోయినోనికి ఏమున్నది? ఒక్కడే నిలబడుడే కదా. అందుకే పాట పాడాలె, పొద్దు పోతది," అనేది.

మొదటి ఆదివారం తొమ్మిది మందిమి. చీరకొంగు నడుముకు చుట్టుకుని మా అమ్మ, గడ్డం కిందికి జారిన మాస్కుతో మగ్గాలు నడిపే మా బాపు, రబ్బరు చెప్పులతో నేను. ఎంబ్రాయిడరీ మిషను నడిపే మా గల్లీ పొడుగన్న ఒక్కడే బూట్లు వేసుకొచ్చాడు. ఆయనే అందరికన్నా ముందు ఉరికాడు, అందరికన్నా ముందు దారి తప్పాడు.

"అరే యార్, ఒక్క చిందీ గూడ కనవడుత లేదు! ఏడ కట్టినవ్ పెద్దమ్మా?"

"నా భుజం ఎంత ఎత్తుంటదో గంతెత్తుల కట్టిన. నువ్వు ఆసమాన్ దిక్కు చూస్తే ఏడ దొరుకుతదిరా? జర వంగు!"

ఆ రోజు నుంచి మేమంతా వంగి వెతకడం నేర్చుకున్నాం. ఊళ్లో ఎవరైనా చూస్తే ఈ జనం ఏదో పోగొట్టుకున్నారనుకునేవాళ్లు. చివర్లో లోచో అనే శనగపిండి టిఫిన్ అమ్మే బండి దగ్గర చేరేవాళ్లం. వేడివేడి లోచో మీద నూనె, సేవ్ వేసి ఇస్తూ ఆ బండి మాసీ "ఆజే కోణ్ గాసే?" అని అడిగేది. ఈరోజు పాడేది ఎవరూ అని. ఆమెకూ అలవాటైపోయింది.

గాలిపటాల పండుగ తర్వాతి ఆదివారం మాత్రం ఎవరూ మరిచిపోలేరు. సంక్రాంతిని ఇక్కడ ఉత్తరాయణం అంటారు, ఆ రోజు సూరత్ ఆకాశం నిండా పటాలే. తెగిన పటాల తోకలన్నీ స్తంభాలకు, తీగలకు, చెట్లకు చిక్కుకుని ఉన్నాయి. పెద్దమ్మకు ఆ సంగతి తట్టలేదు. మాకూ తట్టలేదు. ప్రతి స్తంభం దగ్గరా "దొరికిందీ!" అనే అరుపే. ఒక గుంపు ఖాడీ కాలువ మీది వంతెన ఎక్కింది. ఇంకో గుంపు ఎవరిదో పెళ్లి పందిట్లో తేలింది. పొడుగన్న ఎటు పోయాడో గంటసేపు తెలియలేదు. చివరికి ఫోన్ చేసి, "పెద్దమ్మా, కామ్‌రేజ్ పోయే రోడ్డెక్కిన. ఇది దగానా, సహీనా?" అన్నాడు. పెద్దమ్మ నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఆగకు కొడుకా, అట్లనే పో. ఆడ నా బిడ్డ ఉంటది, చాయ్ తాగి రా," అంది.

ఆ ఎండాకాలం రెండోసారి వచ్చిన కరోనా బాపును పట్టుకుంది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వచ్చింది సగం మనిషే. గోడ పట్టుకుని గదిలో నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, ఆ వెంటనే దగ్గు. ఆయన పనిచేసే కార్ఖానా మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు. సేఠ్ చెడ్డవాడేం కాదు, కానీ ఒకటే మాట అన్నాడు. "మెట్లెక్కి పైకి రా, నీ మగ్గాలు నీకిస్తా."

బాపు మెట్లెక్కలేకపోతే నా డిగ్రీ మూడో ఏడాది లేనట్టే. రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో పనికి మాట్లాడుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పెద్దమ్మకు చెప్పాను.

ఆమె చేతిలో ఉన్న చీర దారాలన్నీ కత్తిరించి మడత పెట్టింది. తర్వాత, "జర ఆగు బిడ్డా. దుకాణం యాడికి పోదు," అంది.

వానలు తగ్గాక మండల్ మళ్లీ మొదలైంది. శనివారం సాయంత్రం పెద్దమ్మ మా గడప దగ్గర నిలబడింది.

"తమ్మీ, చిందీలు ఇప్పేటోళ్లు లేరు. రేపు నువ్వు రావాలె."

"నాతోని ఏడైతది అక్కా? పది అడుగులకే దమ్ము ఆడదు."

"నిన్ను ఉరుకుమన్ననా? ఇప్పుమన్న. చిందీ చిందీకి ఆగాలె కదా. ఆగినప్పుడల్లా దమ్ము తీసుకో. అడిగినోళ్లకు ముడి గట్టిగున్నదని చెప్పు."

బాపు వచ్చాడు. నేను పక్కన నడిచాను. ఒక చిందీ దగ్గర ఆగి విప్పుతాడు, ఊపిరి పీలుస్తాడు, మళ్లీ నడుస్తాడు. ఎవరూ ఆయన కోసం ఆగినట్టు లేదు, ఆయన ఎవరి కోసమూ ఉరికినట్టు లేదు. విచిత్రంగా అందరమూ లోచో బండి దగ్గరికి ఒకేసారి చేరాం.

తర్వాతి వారం దారి కట్టడానికి పెద్దమ్మతో నేనూ వెళ్లాను. ఆమె ఒక సందులో లోపలికంటా వెళ్లి, అక్కడెక్కడో గోడకు దగా ముడి వేసి, కుంటుకుంటూ తిరిగొచ్చింది.

"మోకాలు నొప్పితో అంత దూరం ఎందుకు పెద్దమ్మా?"

"ఉరికేటోళ్లు గీ సందుల పోయి రావాలె. వాళ్లు వచ్చేసరికి మీ బాపు గా మూల మలుగుతడు."

"బాపు ఎంతసేపట్లో వస్తాడో నీకెట్లా తెలుసు?"

"నీకూ నాకూ నడుమ ఒకటే గోడ కదనే. ఆయన గదిల నడుసుడు ఇనవడుతది, దగ్గుడు ఇనవడుతది. పోయిన వారం పదమూడు అడుగులకు ఆగిండు. ఈ వారం ఇరవైకి ఆగుతున్నడు. అందుకే చిందీలు జర దూరం దూరం కడుతున్న."

పుస్తకాలు చదివిన బుద్ధి ఊరుకోదు కదా. "ఇది మోసం కాదా పెద్దమ్మా?" అన్నాను.

"దగా ముడి మరి దేనికేస్తరే పోరీ!" అని నవ్వింది.

వారం వారం చిందీల మధ్య దూరం పెరిగింది. ఖాడీ వంతెన ఎక్కి దిగాం. బాపు ముఖంలో రంగు వచ్చింది. చలి మొదలయ్యాక ఒక ఆదివారం, ఎరుపు చిందీల రోజు, ఉరికేవాళ్లందరూ ఏదో పెద్ద దగాలో పడి కనపడకుండా పోయారు. నేనూ బాపూ చిందీలు విప్పుకుంటూ మలుపు తిరిగాం. ఎదురుగా ఆయన కార్ఖానా. సెలవు కాబట్టి మగ్గాల చప్పుడు లేదు. మెట్ల కటకటాలకు ఎర్రటి చిందీ ఒకటి ఊగుతోంది. పైన ఇంకొకటి. ఆ పైన ఇంకొకటి.

"ఇదేంది?" అన్నాడు బాపు.

"చిందీ బాపూ. ఒకటే ఉన్నది. సహీ దారే."

"అక్కకు దిమాక్ ఖరాబైందా?"

ఆయన పైకి చూశాడు. చేతిలోని చిందీల కట్ట చూసుకున్నాడు. మొదటి ముడి విప్పాడు. ఊపిరి పీల్చాడు. నాలుగు మెట్లు. రెండో ముడి. ఒక అంతస్తు అయింది. రెండో అంతస్తులో గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. దిగిపోతాడేమో అనుకున్నాను. దిగలేదు. ముడి విప్పాడు.

మూడో అంతస్తు గుమ్మానికి మూడు చిందీలు కలిపి కట్టి ఉన్నాయి. వాటి కింద చాయ్ ఫ్లాస్కు పెట్టుకుని పెద్దమ్మ కూర్చుని ఉంది, మోకాలికి బామ్ రాసుకుంటూ.

"అక్కా, నువ్వెట్లెక్కినవ్?"

"తెల్లారంగ మొదలువెట్టిన. నేనెక్కంగ లేంది నీకేందిరా తమ్మీ?" అని, కటకటాల మీంచి కిందికి వంగి ఒక్క కేక పెట్టింది. "ఏయ్, ఉరికి రార్రి! ముందు ఎవలొచ్చిండ్రో చూడుర్రి! శిక్ష పడ్డది!"

కింద నుంచి అడుగుల మోత, అరుపులు. పొడుగన్న రెండేసి మెట్లెక్కుతూ వచ్చి బాపును చూసి నోరు తెరిచాడు. అందరూ చప్పట్లు కొడుతూ "పాట! పాట!" అని ఒకటే గోల. బాపు నా చిన్నప్పటి జోలపాట అందుకున్నాడు. మధ్యలో రెండుచోట్ల ఊపిరి అందలేదు. అక్కడ మేమంతా కలిసి పాడాం. పది రోజులకు ఆయన పనిలో చేరాడు. నేను మూడో ఏడాది ఫీజు కట్టాను.

శుక్రవారం సాయంత్రం తాపీ నది ఒడ్డున పెద్దమ్మను సాగనంపి వచ్చాం. ఈ వారం మండల్ వద్దని కొందరు అన్నారు. కామ్‌రేజ్ నుంచి వచ్చిన ఆమె కూతురు మేకుకున్న సంచి తీసి నా చేతిలో పెట్టింది. "కత్తిరించి పెట్టినవి ఇడిసిపెడితే అమ్మ తిడతది," అంది. నా చేతిలోంచి బాపు అందుకున్నాడు.

"నీకు పరీక్షలున్నయి. చదువుకో. నేను కడత."

ఆదివారం పెద్దమ్మ గడప దగ్గర నుంచే బయలుదేరాం. మొదటి స్తంభం దగ్గరే ఆగిపోయాం. కొత్త మనిషి కట్టాడు, అందులోనూ బాపు పొడగరి. పొడుగన్న తల పైకెత్తి వెతుకుతున్నాడు. "లేదు యార్, ఏడ గూడ లేదు." నాకు ఎందుకో తోచి వంగాను. ఉంది. పసుపు చిందీ, సరిగ్గా పెద్దమ్మ భుజమంత ఎత్తులో.

"దొరికిందీ!" అని నేను అరిచిన అరుపుకు గల్లీ గల్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఇక ఉరుకుడే ఉరుకుడు. బాపు వేసిన మొదటి దగా మమ్మల్ని తీసుకెళ్లి బర్రెల కొట్టంలో పడేసింది. పేడలో జారిపడి లేస్తూ పొడుగన్న, "పెద్దమ్మనే నయముండె!" అన్నాడు. నవ్వు ఆగలేదు. కొందరికి నవ్వుతోపాటు కన్నీళ్లూ ఆగలేదు.

వెనక నడిచి చిందీలు విప్పే పని నేనే అడిగి తీసుకున్నాను. స్తంభం స్తంభానికీ వంగాను, కట్టేటప్పుడు బాపు వంగినట్టే. లోచో బండి దాటి, ఖాడీ వంతెన దాటి, దారి తిరిగి తిరిగి పెద్దమ్మ గడప దగ్గరికే వచ్చి చేరింది. తాళం వేసిన ఆ తలుపు గొళ్లేనికి మూడు చిందీలు కలిపి కట్టి ఉన్నాయి. దారి పొడవునా అన్నీ విప్పాను. అందరూ వచ్చేదాకా ఆగమనే ఆ ఒక్క ముడి మాత్రం అలాగే ఉంచాను. ఇవాళ పొద్దున కాలేజీకి వెళ్తూ చూశాను, గాలికి మూడూ కలిసి ఊగుతున్నాయి.